రెడ్ డెడ్ రిడెంప్షన్ 2లో నా గుర్రం: ఏళ్లుగా ఆడుతూ రాస్తున్న రివ్యూ

ఈ కౌబాయ్ వీడియో గేమ్ 2018లో వచ్చింది, పీసీకి 2019లో, అప్పట్నుంచి మళ్లీ మళ్లీ ఆడుతూనే ఉన్నా. కథ గురించి, గ్రాఫిక్స్ గురించి అందరూ రాసేశారు కాబట్టి నేను గుర్రం గురించే రాస్తా, నన్ను ఇన్నాళ్లు వదలకుండా ఆడించింది అదే.

నాది తెల్ల అరేబియన్ జాతి గుర్రం. మంచు కొండల్లో లేక్ ఇసబెల్లా దగ్గర అడవిలో తిరుగుతుంటుంది, చాప్టర్ 2 నుంచే పట్టుకోవచ్చు. గబగబా వెళ్తే పారిపోతుంది, ఒక్కో అడుగు వేస్తూ, ఆగుతూ, బుజ్జగిస్తూ వెళ్లాలి, ఎక్కాక అది ఎగిరెగిరి పడేస్తుంటే పట్టు వదలకూడదు, లొంగాక స్టేబుల్‌కి తీసుకొచ్చి పేరు పెట్టుకోవచ్చు. మల్లి అని పెట్టా.

బాండింగ్‌లో, అంటే గుర్రానికీ మనకీ కుదిరే అనుబంధంలో, నాలుగు లెవెల్స్ ఉంటాయి. తిండి పెట్టాలి, బ్రష్‌తో బురద దులపాలి, మెడ నిమరాలి, దాని మీదే తిరగాలి. లెవెల్ పెరిగే కొద్దీ మనం పిలిచే ఈల దానికి ఇంకా దూరం వినిపిస్తుంది, తోడేళ్లని చూసి బెదరడం తగ్గుతుంది. అన్నీ చిన్న పనులే, కానీ ఇంట్లో గేదెని చూసుకున్నట్టు రోజూ చేస్తూ ఉంటే తెలీకుండానే మనదైపోతుంది, నేనైతే క్యాంప్‌లో నిద్ర లేవగానే ముందు దాని దగ్గరికే వెళ్తా.

అసలు విషయం ఏంటంటే ఇది చచ్చిపోతుంది. పడిపోయిన గుర్రాన్ని లేపే మందు, హార్స్ రివైవర్, దగ్గరుండి టైమ్‌కి ఇస్తే బతుకుతుంది, లేదంటే పోయినట్టే, జీను విప్పుకుని నడుచుకుంటూ రావాలి. విచర్ 3 అనే ఇంకో గేమ్‌లో హీరో గుర్రం రోచ్ కూడా నాకిష్టమే గానీ దానికి చావు లేదు, ఈల వేస్తే ప్రత్యక్షం, దాని కోసం నేనెప్పుడూ భయపడలేదు. మల్లి మీద ఉంటే మాత్రం కొండ అంచున స్లో చేస్తా, కాల్పులు మొదలైతే దిగి దాన్ని దూరంగా తరిమేస్తా.

మైనస్ ఒకటే, చెట్ల మధ్య స్పీడ్‌గా వెళ్తే పోయి గుద్దుకుంటుంది, ఇద్దరం పడతాం, ఎన్నేళ్లు ఆడినా దీనికి అలవాటు పడలేకపోయా.

కథ పూర్తి చెయ్యనివాళ్లు ఈ పేరా చదవొద్దు. చాప్టర్ 6 చివరి మిషన్‌లో మనం ఎక్కిన గుర్రం చనిపోతుంది, ఏ మందూ పనిచెయ్యదు. వెనక నుంచి శత్రువులు తరుముకొస్తుంటే, మనం ఆడే హీరో ఆర్థర్ దాని పక్కన కూర్చుని, నిమిరి, థాంక్యూ అంటాడు. ఆ తర్వాత వచ్చే ముగింపు కంటే నాకు ఇక్కడే ఎక్కువ ఏడుపొచ్చింది, ఎందుకంటే ఆర్థర్ కథ వేరేవాళ్లు రాసింది, మల్లికి ఒక్క డైలాగ్ కూడా లేదు, దాంతో నాకున్నదంతా నేను పెట్టిన క్యారెట్లు, నేను దులిపిన బురద, దాని మీద తిరిగిన దార్లే. కొందరు ఆ మిషన్‌కి ముందు ఇష్టమైన గుర్రాన్ని స్టేబుల్‌లో వదిలి వేరేది ఎక్కి వెళ్తారు, వాళ్ల బాధ నాకర్థమవుతుంది, కానీ నేను మల్లితోనే వెళ్తా, అంత దూరం మోసింది ఆఖర్న కూడా నాతోనే ఉండాలి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఫాస్ట్ ట్రావెల్ (దారంతా తిరక్కుండా నేరుగా వేరే చోటికి చేరిపోవడం) జోలికి పోకండి, గుర్రం మీదే తిరగండి, రివైవర్లు మాత్రం రెండు మూడు ఎప్పుడూ దగ్గర పెట్టుకోండి.