మామయ్య కంప్యూటర్లో ఆరు నెలల ఫైర్‌ఫాక్స్

ఇందుకూరుపేట దగ్గర రొయ్యల సాగు చేసే మా మామయ్య ఒకసారి చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్ల ధరలు చూద్దామని ఇంట్లో కంప్యూటర్లో ఒక అమ్మకాల సైటు తెరిచారు. ఆ తర్వాత పది రోజులపాటు ఆయన వార్తలు చదివినా, క్రికెట్ స్కోరు చూసినా, పక్కన ఏరియేటర్ల ప్రకటన తిరుగుతూనే ఉంది. "ఏమబ్బయా, మన మాటలేమన్నా వింటా ఉందా ఇది?" అని ఆయన అడిగిన మీదట నేను ఆ కంప్యూటర్లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు వేశాను. దాని ఆరు నెలల పనితీరు గురించి ఈ సమీక్ష.

విన్నదేమీ లేదు, గుర్తుపట్టింది కుకీ, అంటే సైటు మన బ్రౌజరులో ఉంచే చిన్న గుర్తు. 1994లో నెట్‌స్కేప్ సంస్థలో పనిచేస్తున్న లూ మాంటుల్లి దీనిని రూపొందించినప్పుడు అవసరం చాలా చిన్నది: ఒక పేజీ నుంచి మరో పేజీకి వెళ్లేసరికి సైటు మనల్ని మరిచిపోకూడదు. నెల్లూరు రంగనాథస్వామి గుడి దగ్గర చెప్పులు వదిలితే చేతికిచ్చే టోకెను వంటిదే ఇదీ. దాని మీద సాధారణంగా మన పేరుండదు, ఒక నంబరుంటుంది, ఆ నంబరు ఎవరిదో ఇచ్చినవారికి తెలుస్తుంది. చిక్కల్లా, మనం తెరిచిన సైటుతో పాటు ఆ పేజీలో ప్రకటనకు చోటు తీసుకున్న వేరే సంస్థ కూడా తన టోకెనొకటి మన జేబులో వేయడంలో ఉంది. ట్రంకు రోడ్డులో ప్రతి దుకాణం గడపలోనూ ఒకే సంస్థ మనిషి నిలబడి, మన టోకెను నంబరు చూసి పుస్తకంలో రాసుకుంటూ పోతే, సాయంత్రానికి మన బజారు పనంతా ఆ పుస్తకంలో ఉంటుంది.

ఫైర్‌ఫాక్స్ మెచ్చుకోదగ్గ పని చేసేది ఇక్కడే. 2022 నుంచి కంప్యూటర్లలో ఇది ఏ సైటులో ఇచ్చిన టోకెనును ఆ సైటు గడప దాటనివ్వడం లేదు. దాని జాబితాలో ఉన్న ట్రాకర్ల, అంటే ఇలా మన జాడ రాసుకునేవారి, కుకీలను 2019 నుంచే ఆపుతోంది. ఇందుకోసం సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఏదీ నొక్కనక్కరలేదు. మామయ్య వంటి వాడకందారుకు అన్నిటికన్నా విలువైన గుణం ఇదేనని నా అభిప్రాయం. క్రోమ్ బ్రౌజరులో ఇలాంటి వేరే సంస్థల (మూడో పక్షపు) కుకీలను అనుమతించే విధానాన్ని ఉన్నది ఉన్నట్టే కొనసాగిస్తామని గూగుల్ 2025 ఏప్రిల్‌లో ప్రకటించింది కాబట్టి తేడా చిన్నదేమీ కాదు. అడ్రస్ బార్ ఎడమవైపున్న డాలు గుర్తు నొక్కితే, ఆ పేజీలో ఎవరెవరిని ఆపిందో కూడా కనిపిస్తుంది. వార్తల పేజీలో ఆ జాబితా చూసి మామయ్య కాసేపు మాట్లాడలేదు.

రక్షణను ఇంకా బిగించే 'స్ట్రిక్ట్' అమరిక ఉంది గానీ, కొన్ని సైట్లు సరిగా పనిచేయకపోవచ్చని అదే హెచ్చరిస్తుంది. ఇంటి కంప్యూటరుకు మామూలు అమరిక చాలు. మూసిన ప్రతిసారీ కుకీలన్నీ తుడిచేసే వీలూ ఉంది. దానిని పెడితే ప్రతి సైటులోనూ మళ్లీ లాగిన్ కావాలి, ఓటీపీ కోసం ఫోను వెతుక్కోవాలి. వారం తిరగకముందే మామయ్య తీయించేశారు.

ఇది చేయలేని పనులూ ఉన్నాయి. ఇది ప్రకటనలను మొత్తంగా ఆపదు. మనమే లాగిన్ అయిన సైటుకు అక్కడ మనం చేసేదంతా మూడో పక్షపు కుకీలతో పని లేకుండానే తెలుస్తుంది. ప్రైవేట్ విండో తెరిచినా, మనం వెళ్లే సైట్ల సంగతి ఇంటర్నెట్ ఇచ్చే సంస్థకు కనిపిస్తూనే ఉంటుంది. కుకీలకు 'అన్నీ అంగీకరిస్తున్నాను' అనమనే ఇంగ్లీషు అడ్డుపెట్టెల బెడద కూడా అలాగే ఉంది. సమ్మతి కోరే నోటీసును తెలుగుతో సహా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లోనూ చదువుకునే వీలుండాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం అంటోంది; మామయ్యకు మాత్రం ఇంతవరకు తెలుగు పెట్టె ఒక్కటీ ఎదురుపడలేదు.

కంప్యూటర్లో ఏరియేటర్ల వెంటబాటు బాగా తగ్గింది. ఫోనులో మాత్రం, కొన్ననాడు అందులో ఏ బ్రౌజరుందో దానితోనే ఆయన నెట్టుకొస్తున్నారు, మార్చుదామంటే చేతికివ్వరు.