“ఇంజన్ మొన్ననే చేయించాం” అంటే ముందు డ్రెయిన్ బోల్టు చూడండి

తిరుపతి, చిత్తూరు వైపు సెకండ్ హ్యాండ్ బైకు కొనబోయేవాళ్లు అడ్వాన్సు ఇచ్చే ముందు ఇది చదవండి. ఇంజన్ కొత్తగా చేయించామని రేటు పెంచి చెప్పే బండి అయితే మరీ జాగ్రత్త.

డ్రెయిన్ బోల్టు అంటే ఇంజన్ అడుగున ఆయిల్ దింపడానికి విప్పేది. బోల్టు ఉక్కు, ఇంజన్ కేసు అల్యూమినియం. అతిగా బిగిస్తే దెబ్బతినేది కేసులోని మరే, అంటే బోల్టు తిరిగి పట్టుకునే చుట్టల గాడే. బిగించిన రోజు ఏమీ తెలియదు. తర్వాత ఎప్పుడో ఆయిల్ మార్చేటప్పుడు బోల్టుతో పాటు మర తీగలా చుట్టుకుని ఊడి వస్తుంది. అప్పటికి బండి మీ పేరు మీద ఉంటుంది. చాలాసార్లు దీనికి మూలం బోల్టు తల కింద వేసే వాషరే. పాత వాషరే మళ్లీ వేస్తారు, ఆయిల్ చెమ్మ కనిపిస్తుంది, ఆగాలని ఇంకొంచెం బిగిస్తారు.

ఇంజన్ కవర్లకు ఉండే 6 ఎం.ఎం. బోల్టుకు 10 నుంచి 12 న్యూటన్ మీటర్ల (బిగింపు బలానికి కొలత) బిగువు చాలు. 25 సెంటీమీటర్ల పానా కొసన సుమారు 4 కిలోల బరువుతో లాగినంత, అంతే. అదే పానా మీద 30 కిలోల బలం వేస్తే ఏడు రెట్లు దాటుతుంది. డ్రెయిన్ బోల్టుకు ఎంత అన్నది బండి మాన్యువల్లో చూసి, టార్క్ రెంచితోనే (బిగింపు బలాన్ని కొలిచే పానా) బిగించాలి.

బండి కింద కూర్చుని చూడండి. డ్రెయిన్ బోల్టు తల మూలలు అరిగాయా? చుట్టూ గమ్ముగానీ తెల్ల టేపుగానీ ఉందా? క్లచ్ కవర్ బోల్టుల్లో ఒకటి మిగతావాటికంటే లావుగా ఉందా? ఉంటే మర పోయిందని అనుమానించాల్సిందే. టాప్ (మర కోసే పనిముట్టు) వేయకుండా లావు బోల్టును బలవంతంగా ఎక్కిస్తే కేసు పగలొచ్చు. లోపలికి పిండుకుపోయిన గమ్ము ఊడి ఆయిల్ జాలీకి అడ్డం పడుతుంది. ఇంజన్ కింద గుడ్డతో శుభ్రంగా తుడిచి, అలిపిరి దాకా పోయి వచ్చి, తెల్ల కాగితం అద్ది చూడండి. 100 సీసీ బండిలో ఉండేదే సుమారు లీటరు ఆయిల్. అది కారిపోతూ ఉంటే ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజన్ పట్టేసే ప్రమాదం ఉంది.

హెలికాయిల్ (పోయిన మర స్థానంలో ఎక్కించే ఉక్కు చుట్ట) వేసిన బండి అయితే భయపడక్కర్లేదు. 6 ఎం.ఎం. బోల్టు రంధ్రాన్ని 6.3కి డ్రిల్ చేసి, దాని టాపుతోనే మర కోసి, ఉక్కు చుట్ట ఎక్కిస్తే పాత మరకంటే గట్టిగా నిలుస్తుంది.

బిగుసుకుపోయిన బోల్టు విప్పించాల్సి వస్తే తొందరపెట్టకండి. మరల్లోకి ఇంకే, తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా వదిలేయాలి. పొద్దున బోల్టు చుట్టూ కేసును వేడి చేసి, తల మీద సుత్తితో మెల్లగా తట్టి, అప్పుడు తిప్పాలి. విరిగిన బోల్టులోకి ఈజీ అవుట్ (విరిగిన ముక్కను తిప్పి తీసే గట్టి ఉక్కు పనిముట్టు) దింపి బలవంతం చేయనివ్వొద్దు. అది లోపల విరిగితే మామూలు డ్రిల్లు దాన్ని కోయలేదు.

బేరం కుదిరే ముందు కొత్త ఆయిల్, కొత్త వాషర్ డబ్బు మీరే పెట్టుకుని డ్రెయిన్ బోల్టు మీ కళ్లముందే విప్పించండి. మరల్లో వెండి రంగు తీగలు చుట్టుకుని వస్తే కేసు రిపేరు ఖర్చు రేటులో తగ్గించమనండి. విప్పడానికే ఒప్పుకోకపోతే ఆ బండి వదిలేయండి.