బ్లాక్ బాక్సా, శకలాలా?

బెంగళూరులోని జక్కూరు ఏరోడ్రోమ్ చుట్టుపక్కల అద్దెకుండే తెలుగువాళ్లకి నెత్తిమీద శిక్షణ విమానాలు తిరగడం మామూలే. అలాంటి చిన్న విమానం ఎక్కడైనా కూలి ప్రాణాలు పోతే అందరూ మొదట అడిగేది "బ్లాక్ బాక్స్ దొరికిందా?" అనే. 5,700 కిలోలలోపు విమానాల్లో చాలావాటికి అసలది ఉండదు.

ఉంటే ప్రమాదానికి కారణం తేల్చే పని సులువే. ఎత్తు, వేగం, ఇంజిన్ లెక్కలు, కాక్‌పిట్ మాటలు సెకన్లతో సహా వచ్చేస్తాయి.

లేకపోతే ఏఏఐబీ (విమాన ప్రమాదాల్ని దర్యాప్తు చేసే కేంద్ర సంస్థ) అధికారులు శకలాల దగ్గర కూర్చోవాల్సిందే. ప్రొపెల్లర్ రెక్కలన్నీ మెలితిరిగి, అంచులు నొక్కుకుపోయి ఉంటే, నేలను తాకేటప్పుడు ఇంజిన్ బాగానే తిరుగుతోందన్నమాట. ఒక్క రెక్కే వెనక్కి వంగి మిగతాది తిన్నగా ఉంటే ముందే ఆగిపోయిందేమోనని అనుమానం. హెచ్చరిక బల్బులో ఫిలమెంట్ సాగిపోయి ఉంటే, దెబ్బ తగిలేసరికి అది వెలుగుతున్నట్టే. (ఎల్ఈడీలు వచ్చాక ఈ ఆధారమూ పోతోంది.)

నన్నడిగితే చిన్న విమానం విషయంలో నా ఓటు శకలాలకే. కంట్రోల్ కేబుల్ అరిగి గాల్లోనే తెగిందా, నేలకు కొట్టుకున్నాక తెగిందా అన్నది తెగిన కొసను భూతద్దంలో చూస్తేనే తేలుతుంది. కాకపోతే అధికారులు వచ్చేలోపు జనం ఆ ముక్కల్ని కదపకుండా పోలీసులు కాపలా ఉండాలి.