పర్లాకిమిడిలో ఎనిమిదేళ్ళు: ఒక చిన్న కెమెరా, మూడు లెన్సులు, సంచెడు ఫిల్టర్లు

మాది ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు దగ్గరున్న పర్లాకిమిడి. బజారులో ఎరువుల కొట్టు. ఫొటోలు నాకు కూడు పెట్టవు, పెట్టాలన్న కోరికా లేదు. అందుకని ఇక్కడ స్టూడియో లైట్లు, పెళ్ళి ఆల్బమ్‌ల సంగతి ఉండదు. కొట్టు మూసిన ఆదివారాలు, పండగలు, చుట్టాల ఇళ్ళు, గుణుపురం రైలు, గోపాలపూర్ సముద్రం, వీటి మధ్య నాతో తిరిగిన సోనీ ఏ6000 కెమెరా సంగతి, దాని ముందు నేను బిగించిన గాజుముక్కల సంగతి మాత్రమే రాస్తున్నాను.

2017 దసరాకి ముందు విశాఖపట్నంలో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. కెమెరాతో పాటే వచ్చే కిట్ లెన్సుతో కలిపి 29 వేలు పడింది. ఆ మోడల్ 2014లో వచ్చింది కాబట్టి నా చేతికి వచ్చేసరికే పాతది. 24 మెగాపిక్సెళ్ళు, ఏపీఎస్-సీ సెన్సారు (పాత 35 మి.మీ. ఫిల్ము సైజున్న ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్నది). అంతకుముందు మా బావ దగ్గర పెద్ద కెమెరా, డీఎస్ఎల్ఆర్, అరువు తెచ్చుకునేవాణ్ణి. ఒక శివరాత్రికి అది మెడలో వేసుకుని మహేంద్రగిరి ఎక్కాను. 1501 మీటర్ల కొండ. కుంతి గుడి దగ్గర సంచిలో పడేశాను, భీముడి గుడి దగ్గర అసలు బయటికే తీయలేదు. ఏ6000 బ్యాటరీ, కార్డుతో కలిపి 344 గ్రాములు. కిట్ లెన్సు 116. రెండూ కలిపినా అరకిలో లేదు. తర్వాతి శివరాత్రికి చేతిసంచిలో ప్రసాదం పొట్లం పక్కనే పెట్టుకుని ఎక్కాను, కావలసినన్ని ఫొటోలు తీశాను.

బరువు తగ్గడం ఒక లాభం. ఇంకొకటి కొనేముందు నాకు తోచలేదు. పెద్ద కెమెరా ఎత్తగానే మావాళ్ళు ఇస్త్రీ చేసినట్టు నిలబడిపోతారు. దీన్ని ఎవరూ పట్టించుకోరు. మా అప్ప కూతురి పెళ్ళిలో వంటవాళ్ళ దగ్గర కూర్చుని తీస్తుంటే ఒక పెద్దాయన, "ఏటి బాబూ, బొమ్మలాట కెమెరాయా?" అని అడిగి, నవ్వి, గరిటె తిప్పుకుంటూ ఉండిపోయాడు. పెళ్ళి ఆల్బమ్‌లో లేని ఫొటో అది. ఇప్పుడు వాళ్ళింటి గోడమీద ఉంది.

కిట్ లెన్సు (16-50 మి.మీ. జూమ్; అంకె తగ్గితే వెడల్పు, పెరిగితే దగ్గర) గురించి ఎక్కువ చెప్పను. ఆపేస్తే ముడుచుకుంటుంది, ఆన్ చేస్తే బయటికొస్తుంది, ఆ వచ్చే క్షణంలో ఒక్కోసారి ఫొటో పోతుంది. 16 దగ్గర మూలలు మెత్తగా ఉంటాయి. ఎఫ్/8 పెట్టి (ఎఫ్ అంకె పెరిగితే లెన్సు రంధ్రం చిన్నదై వెలుతురు తగ్గుతుంది) పగటి ఎండలో తీస్తే తప్పు పట్టడానికేం లేదు. గ్రూపు ఫొటోలకి ఇప్పటికీ అదే.

రెండోది 55-210 మి.మీ. లెన్సు. పక్షుల పిచ్చితో కొన్నాను. టెక్కలి పక్కన తేలినీలాపురంలో చింతచెట్ల మీద ఎర్రకాళ్ళ కొంగలు, గూడబాతులు గూళ్ళు కడతాయి. మాకు దగ్గరే. ఏపీఎస్-సీ లెక్కలో 210 అంటే ఫుల్‌ఫ్రేమ్ 315తో సమానం. చెట్టు నిండా పక్షులు కావాలంటే సరిపోతుంది, ఒక్క పక్షి కన్ను కావాలంటే సరిపోదు. పొద్దు వాలాక ఎఫ్/6.3తో ఐఎస్ఓ, అంటే వెలుతురుకి కెమెరా స్పందన, పెంచుకుంటూ పోవడమే. గంజాం జిల్లా భేట్‌నోయిలో మాత్రం ఇదే లెన్సు రాజాలా పనిచేసింది. అక్కడ ఊరివాళ్ళు తరతరాలుగా కృష్ణజింకల్ని కాపాడుతున్నారు. అవి మనుషుల్ని చూసి పారిపోకుండా చేలల్లోనే మేస్తుంటాయి. సెకనుకి 11 ఫ్రేముల వేగం ఆ రోజే మొదటిసారి పనికొచ్చింది, జింక గాల్లోకి ఎగిరినప్పుడు. ఆ ఫొటో ఒక్కటే మంచిది. మిగతా మూడొందలూ తుడిచేశాను.

మూడోది సిగ్మా 30 మి.మీ. ఎఫ్/1.4. ఈ మొత్తంలో నేను కొన్న మంచి వస్తువు ఇదే, అదీ ఆలస్యంగా, 2019లో. 265 గ్రాములు. జూమ్ లేదు, కాళ్ళే జూమ్. మన కంటికి కనిపించినంతే కనిపిస్తుంది. కిట్ లెన్సు జూమ్ చేస్తే ఎఫ్/5.6కి పడిపోతుంది. 1.4కీ 5.6కీ నాలుగు స్టాపుల తేడా, ఒక్కో స్టాపుకి వెలుతురు రెట్టింపు, అంటే 16 రెట్ల వెలుతురు. ఈ లెక్క చదివితే బుర్రకెక్కదు. రాయగడ జిల్లాలో గుణుపురం దాటి పుట్టాసింగి వైపు వెళ్ళినప్పుడు ఎక్కింది. అక్కడి సవర గిరిజనుల ఇళ్ళలో లోపలి గోడమీద ఇడితాల్ బొమ్మలు ఉంటాయి. ఎర్రమట్టి గోడ, బియ్యప్పిండితో తెల్లటి మనుషులు, ఏనుగులు, చెట్లు. అవి వాళ్ళకి పూజాబొమ్మలు, అలంకారం కాదు. అందుకని ఇంటాయన్ని అడిగి, సరే అన్నాకే లోపలికి వెళ్ళాను. ఫ్లాష్ వేయాలనిపించలేదు. వెలుతురు వచ్చేది తలుపులోంచి మాత్రమే. ఎఫ్/2, సెకనులో 60వ వంతు, ఐఎస్ఓ 1600. గోడ గరుకుదనం, వేలితో అద్దిన పిండి మందం కూడా కనిపించాయి. సవర భాషకి నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి పంతులుగారు మా ఊళ్ళోనే పనిచేశారు. ఆయన కాలంలో ఇలాంటి డబ్బా ఒకటి ఉండి ఉంటే ఏమేం మిగిలేవో అని అప్పుడు అనుకున్నాను.

రెండేళ్ళకోసారి జరిగే బరంపురం ఠాకురాణి యాత్రలో (అమ్మవారి జాతర) కూడా ఇదే లెన్సు. రాత్రి వీధుల్లో పులివేషాలు, దేవుళ్ళ వేషాలు, డప్పులు. అక్కడ ఒక పాఠం నేర్చుకున్నాను. ట్యూబులైట్లు, చవక ఎల్ఈడీ బల్బులు కంటికి తెలియకుండా కొట్టుకుంటూ ఉంటాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే దీపం సెకనుకి వందసార్లు కొట్టుకుంటుంది. షట్టర్ సెకనులో 500వ వంతు పెడితే ఒక ఫొటో వెలుగు, ఒక ఫొటో చీకటి, ఒక్కోసారి రంగు కూడా మారిపోతుంది. 100లో ఒకటో, 50లో ఒకటో పెట్టగానే కుదురుకుంది. కెమెరా పాడైందని రాత్రంతా టెన్షన్ పడ్డాను.

ఇక ఫిల్టర్లు. ఇక్కడ నేను తగలేసిన డబ్బు గురించి మా ఆవిడకి ఇప్పటికీ పూర్తిగా తెలియదు.

మొదట కొన్నది యూవీ ఫిల్టరు. మూడు లెన్సులకీ మూడు. ఫిల్ములో అల్ట్రావయొలెట్ వల్ల దూరపు కొండలు నీలంగా మసకబారేవి కాబట్టి అప్పుడది అవసరం. డిజిటల్ సెన్సారు ముందు దాన్ని ఆపే గాజు ముందే ఉంటుంది. ఇప్పుడు యూవీ ఫిల్టరు చేసే పని గాజు మూతగా ఉండడమే. గోపాలపూర్ ఒడ్డున ఉప్పు తుంపర ఎగిరినప్పుడు అదీ మేలే, ఫిల్టరు తుడుచుకుంటాం, లెన్సు కాదు. కానీ రాత్రి దీపాలు తీసేటప్పుడు విప్పేయండి. దీపావళికి తీసిన ఒక ఫొటోలో మా గుమ్మంలో దీపాలు పన్నెండు, ఆకాశంలో తలకిందులుగా ఇంకో పన్నెండు. సెన్సారు మీద పడ్డ వెలుగు వెనక్కి వచ్చి, చవక ఫిల్టరు గాజుకి తగిలి మళ్ళీ లోపలికి పడితే వచ్చిన దెయ్యాలవి.

సీపీఎల్, అంటే పోలరైజర్, ఒక్కటి మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ చేయలేని పని చేస్తుంది. మా ఊరికి దగ్గరలోనే గండాహాతి జలపాతం ఉంది. తడి బండలు, తడి ఆకులు ఆకాశాన్ని ప్రతిబింబించి తెల్లగా మెరుస్తుంటాయి. ఫిల్టరు చుట్టు తిప్పుతుంటే వ్యూఫైండర్లోనే ఆ మెరుపు జారిపోయి, కింద ఆకు అసలు పచ్చదనం బయటపడుతుంది. ఇది ముందే కనిపించడం పెద్ద సుఖం. మహేంద్రతనయ గట్టుమీద నిలబడి నీటిమట్టానికి దాదాపు 37 డిగ్రీల వాలులో చూస్తే నదిలో గులకరాళ్ళు కనిపిస్తాయి. అంతకన్నా వాలు ఎక్కువైనా తక్కువైనా పట్టు తగ్గుతుంది. లోహపు మెరుపుని ఇది ఆపలేదు, స్టీలు బిందె మీద ప్రయత్నించకండి. ఆకాశం నీలం బాగా ముదిరేది సూర్యుడికి లంబంగా తిరిగినప్పుడే. అదే 16 మి.మీ. దగ్గర తీస్తే ఆకాశంలో ఒకచోట ముదురు, ఒకచోట లేత, గోడకి సున్నం సరిగా వేయనట్టు ఉంటుంది. వెడల్పు ఫొటోలకి నేను తీసేస్తాను.

సీపీఎల్ ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుతురు తినేస్తుంది. ఇది నష్టమని చదివాను. జలపాతం దగ్గర అదే లాభం. చెట్ల నీడలో ఐఎస్ఓ 100, ఎఫ్/11 పెడితే సీపీఎల్‌తోనే షట్టరు అర సెకను దాకా వస్తుంది, నీరు పాలలా జారుతుంది. అంటే నేను ఎంతో ఆశపడి కొన్న ఎన్‌డీ ఫిల్టరు, అంటే వెలుతురు తగ్గించే నల్ల గాజు, అక్కడ అవసరమే లేదు. దాని అవసరం ఎండలో, సముద్రం దగ్గర. ఆరు స్టాపులదైతే 60లో ఒకటి షట్టరు ఒక సెకను అవుతుంది, పది స్టాపులదైతే దాదాపు 17 సెకన్లు. నేను ముందు పదిది కొన్నాను, అదీ చవకలో చవక. అలలన్నీ ఇటుకపొడి కలిపినట్టు వచ్చాయి. ఆ రంగు కంప్యూటర్లో కూడా వదల్లేదు. తిప్పితే నలుపు పెరిగే వేరియబుల్ ఎన్‌డీ ఇంకా మోసం. అందులో ఉన్నది రెండు పోలరైజర్లే. చివరిదాకా తిప్పితే ఫొటో మీద పెద్ద నల్ల ఇంటూ గుర్తు పడుతుంది. ఇప్పుడు నా దగ్గర మంచిది ఒకటే ఆరు స్టాపులది ఉంది, చాలు.

అసలు తెలివితక్కువ పని సైజుల దగ్గర చేశాను. కిట్ లెన్సు ముందు ఫిల్టరు బిగించే మర 40.5 మి.మీ., 55-210కి 49, సిగ్మాకి 52. దేనికదే కొన్నాను. పెద్ద సైజుది ఒకటి కొని, చిన్న లెన్సులకి సైజు కలిపే స్టెప్-అప్ రింగులు వేసుకోవచ్చని ఆలస్యంగా తెలిసింది. ఇత్తడి రింగులు రెండుంటే ఒక్క ఫిల్టరే మూడు ఫిల్టర్ల పని చేస్తుంది. రేపు పెద్ద లెన్సు కొంటానన్న ఆశ ఉంటే 67 మి.మీ. తీసుకోండి. పెద్ద ఫిల్టరు బిగించాక, లెన్సుకి ఎండ తగలకుండా పెట్టే హుడ్ పట్టదు. ఎండ పక్కనుంచి పడితే నేను టోపీ అడ్డం పెడతాను.

ఇంక మా ప్రాంతంలో కెమెరాకి అసలు శత్రువు తడి. 2019 వానాకాలమంతా 55-210ని తోలు పెట్టెలో పెట్టి బీరువాలో వదిలేశాను. దసరాకి తీసి టార్చిలైటు పెట్టి చూస్తే లోపల సన్నటి సాలెగూడు, ఫంగస్. తప్పు పూర్తిగా నాదే. తోలు తడిని పీల్చి పట్టుకుంటుంది, బీరువాలో గాలి లేదు, వెలుతురు లేదు. బాగుచేయించడానికి పంపిస్తే తుడిచి ఇచ్చారు కానీ ఒక మూల మచ్చ అలాగే ఉంది. అప్పటినుంచి రబ్బరు మూత బిగుతుగా పట్టే బియ్యం డబ్బాలో అన్నీ పెడుతున్నాను. అరకిలో సిలికాజెల్, తేమ చూపించే చిన్న మీటరు. ముల్లు 40-50 శాతం మధ్య ఉంటే నిశ్చింత, 60 దాటి రోజులు గడిస్తే ప్రమాదం. నీలం గుళికలు గులాబీ రంగుకి తిరిగాక మళ్ళీ వేడిచేసుకోవాలి. ఆ నీలం కోబాల్ట్ ఉప్పు, ఒంటికి మంచిది కాదు. వంట మూకుడులో వేయించిన రోజు నాకు ఇంట్లో పడాల్సిన అక్షింతలు పడ్డాయి. ఇప్పుడు దానికో పాత ఇనప పెనం విడిగా ఉంది.

గోపాలపూర్‌లో ఏసీ గదిలోంచి తెల్లవారుజామున తిన్నగా ఒడ్డుకి వెళ్తే లెన్సు మీద ఆవిరి పట్టి సూర్యోదయం గడిచిపోయింది. సంచి మూసి ఉంచి బయట అరగంట ఆగితే సరిపోయేది. తుడవడం వల్ల లాభం లేదు, మళ్ళీ పడుతుంది.

కెమెరాలో లోటులు లేవా అంటే ఉన్నాయి. బాడీలో చేతి వణుకుని సర్దే స్టెబిలైజేషన్ లేదు, సిగ్మాలోనూ లేదు. చెయ్యి వణికే వయసు వస్తోంది, తెలుస్తోంది. టచ్ స్క్రీను లేదు, మైకు గుచ్చే రంధ్రం లేదు. వాననీటి నుంచి రక్షణ లేదు, జల్లు పడితే పాలిథిన్ కవరే గతి. బ్యాటరీ కంపెనీ లెక్కలో 360 ఫొటోలు, అందుకని మూడు పెట్టుకుంటాను. పవర్‌బ్యాంకుతో కెమెరాలోనే చార్జి చేసుకోవచ్చు, రైల్లో అది వరం.

మొన్న మేనల్లుడు అడిగాడు, "మావయ్యా, నేనిప్పుడు కొంటే ఏది?" అని. వాడు వీడియో కూడా తీస్తాడు. వాడికి ఏ6000 చెప్పలేదు. సెకండ్‌హ్యాండ్‌లో ఏ6400 దొరికితే అది, కన్నుని పట్టుకునే ఫోకస్ దానికీ దీనికీ పోలికే లేదు. చెయ్యి నిలకడ లేకపోతే, డబ్బుంటే స్టెబిలైజేషన్ ఉన్న ఏ6700. కొత్తది, తేలిక, చవక కావాలంటే కెనాన్ ఆర్50, 375 గ్రాములే. ఏది కొన్నా బాడీకి పెట్టే డబ్బులోంచి పదివేలు మిగిల్చి వెలుతురు లాగే లెన్సు ఒకటి ముందే తీసుకోమన్నాను. ఒక్కటే లెన్సుతో గడపాలనుకుంటే సిగ్మా 18-50 ఎఫ్/2.8, దాదాపు 290 గ్రాములు, 55 మి.మీ. మర. అది నేను రెండు రోజులు అరువు తెచ్చి వాడాను. తిరిగి ఇచ్చేటప్పుడు మనసొప్పలేదు.

డబ్బాలో ఇంకా 40.5 మి.మీ. యూవీ ఒకటి, సీపీఎల్ ఒకటి, ఆ ఇటుకరంగు ఎన్‌డీ ఒకటి పడున్నాయి. కావలసినవాళ్ళు కొట్టుకి వస్తే ఊరికే ఇస్తాను. టీ కూడా ఇప్పిస్తాను.