జెన్‌కాన్‌కి వెళ్ళొచ్చాం: ఆటలు, క్యూలు, మధ్యలో పోయిన ఒక గంట

ఇండియానాపొలిస్‌లో జరిగే బల్ల ఆటల జాతర జెన్‌కాన్‌లో గురువారం ఉదయం తొమ్మిదింటికి మా మొదటి ఆట. షికాగో పక్కనున్న మా అరోరాలో ఐదింటికి బయల్దేరితే మూడున్నర గంటల దారి, పార్కింగ్‌కి ఇంకో అరగంట వేసుకున్నా సరిగ్గా సరిపోతుందని లెక్కేసుకున్నాం. ఐ-65 హైవే మీద గాలిమరల మధ్యలోకి వచ్చాక తమ్ముడు ఫోన్ చూసి, "అన్నయ్యా, కారులో ఏడుంబావు, ఫోన్‌లో ఎనిమిదింబావు. ఏది కరెక్ట్?" అన్నాడు. రెండూ కరెక్టే. షికాగోది ఒక టైమ్, ఇండియానాపొలిస్‌ది ఇంకో టైమ్. ఇంటికి ఫోన్ చేయాలంటే పదిన్నర గంటలు కలుపుకోవడం నాకు నిద్రలో కూడా వచ్చు. పక్క రాష్ట్రానికి ఒక గంట కలపాలని మాత్రం తట్టలేదు.

కారు ఎక్కడో దూరంగా పెట్టి, పరుగులాంటి నడకతో హాల్లోకి వెళ్ళేసరికి పదిన్నర. మా కుర్చీల్లో వేరేవాళ్ళు కూర్చుని హాయిగా ఆడుకుంటున్నారు. అక్కడ పద్ధతే అది. టికెట్ దొరకనివాళ్ళు బల్ల పక్కన నిలబడి ఉంటారు, మనం రాకపోతే ఆ చోటు వాళ్ళది. మే నెలలో ఆటల బుకింగ్ తెరిచినప్పుడు గంటసేపు కంప్యూటర్ ముందు కూర్చుని సంపాదించిన టికెట్లు అవి. ఎవర్నీ ఏమనడానికి లేదు.

జెన్‌కాన్ గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. బల్ల మీద ఆడే ఆటలన్నిటికీ, అంటే బోర్డు గేములు, కార్డులు, పాచికలతో కథ నడిపే రోల్‌ప్లేయింగ్ ఆటలు, వీటన్నిటికీ అమెరికాలో పెద్ద తిరునాళ్ళ ఇదే. గ్యారీ గైగాక్స్ అనే ఆయన 1968లో విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవా అనే చిన్న ఊళ్ళో మొదలుపెట్టాడు. ఊరి పేరు జెనీవా కాబట్టి, యుద్ధ నియమాల ఒప్పందమైన జెనీవా కన్వెన్షన్ మీద చమత్కారంగా ఆ పేరు. ఆరేళ్ళ తర్వాత 1974లో ఆయనే ఇంకొకరితో కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే రోల్‌ప్లేయింగ్ ఆట తెచ్చాడు. 2003 నుంచి ఈ జాతర ఇండియానాపొలిస్‌లో జరుగుతోంది. మేం వెళ్ళింది 2024 ఆగస్టు 1 నుంచి 4 దాకా, ఆ ఆటకి యాభై ఏళ్ళు నిండిన ఏడాది. నాలుగు రోజుల్లో 71 వేల మందికి పైగా వచ్చారని తర్వాత ప్రకటించారు. ఆ 71 వేలమందీ శనివారం మధ్యాహ్నం నా ముందే నడిచారని నా అనుమానం.

ఇక బస సంగతి. కన్వెన్షన్ సెంటర్ చుట్టూ ఉన్న పెద్ద హోటళ్ళకి గాలిలో కట్టిన అద్దాల వంతెనలు ఉన్నాయి. గదిలోంచి చెప్పులతో బయల్దేరి, ఎండా వానా తగలకుండా హాల్లోకి వచ్చేయొచ్చు. కానీ ఆ గదులు దొరకడం లాటరీ. బ్యాడ్జి, అంటే లోపలికి వెళ్ళే పాసు, కొన్నవాళ్ళకి ఒక్కొక్కరికీ ఒక సమయం ఇస్తారు, ఆ సమయానికే గది వెతుక్కోవాలి. మా వంతు వచ్చేసరికి దగ్గరివన్నీ అయిపోయి ఎయిర్‌పోర్ట్ వైపు ఒక హోటల్ మిగిలింది. పేరెందుకులెండి. షటిల్ బస్సు ఉందన్నారు, ఉంది కూడా, కాకపోతే రాత్రి పదికి ఆఖరిది. మా ఆట అయ్యేది పన్నెండింటికి. ఏసీ ఆన్ చేస్తే బోరు మోటారు పక్కన పడుకున్నట్టుంది, ఆపితే ఉక్క. పొద్దున్నే టిఫిన్‌కి దిగితే వాఫుల్ మెషిన్ ముందు ఇరవైమంది, అందరి మెడలోనూ మాకున్న బ్యాడ్జీలే. తమ్ముడు ఒక అరటిపండు చేతికిచ్చి "పద, అక్కడి క్యూలో నిలబడదాం" అన్నాడు. డౌన్‌టౌన్‌లో పార్కింగ్ రోజుకి నలభై డాలర్లు. అన్నీ కలిపితే ఆ దూరపు గది ఏమంత చవక కాలేదు.

ఎగ్జిబిట్ హాలు పదింటికి తెరుస్తారు. 500కి పైగా స్టాళ్ళు. తలుపులు తీసే ముందు గుంపు చూస్తే వైకుంఠ ఏకాదశి ఉత్తర ద్వారం గుర్తొచ్చింది. తీయగానే పరుగెత్తొద్దని వాళ్ళు అరుస్తుంటారు, అందుకని జనం పరుగెత్తకుండా పరుగెత్తుతారు. కొత్తగా వచ్చిన ఒక ఆట కోసం నేనూ గంటన్నర నిలబడ్డాను. ముందున్నాయన అనుభవజ్ఞుడు, మడత కుర్చీ తెచ్చుకున్నాడు. "ఇదేం క్యూ? పోయినేడు లోర్కానా అనే ఆట కార్డులు మొదటిసారి ఇక్కడ అమ్మినప్పుడు రాత్రంతా కూర్చున్నాం" అన్నాడు గర్వంగా. నా ముందు ఇంకో పదిహేనుమంది ఉండగా స్టాకు అయిపోయిందని చెప్పారు. ఎన్ని పెట్టెలు ఉన్నాయో పొద్దున్నే ఒక బోర్డు పెడితే వాళ్ళ సొమ్మేం పోయింది? మూడు వారాలకి అదే ఆట మా ఊరి షాపులో అదే ధరకి దొరికింది. అందుకే చెప్తున్నా, కొనడం కోసమైతే అంత దూరం వెళ్ళక్కర్లేదు.

పాచికల స్టాలు మాత్రం వేరే సంగతి. ఛెసెక్స్ అనే పాచికల కంపెనీ వాళ్ళు తొట్టెల్లో రంగురంగుల పాచికలు పోసి పెట్టారు. నాలుగు ముఖాలవి, ఎనిమిదివి, పన్నెండువి, ఇరవైవి. రైతుబజారులో చిక్కుడుగింజలు ఏరుతున్నట్టు పిల్లలూ పెద్దలూ మోచేతుల దాకా చేతులు పెట్టి వెతుకుతున్నారు. ఆ గలగల శబ్దానికే అరగంట నిలబడొచ్చు. నెమలికంఠం రంగువి ఏడు నేనూ ఏరుకున్నాను.

గురువారం సాయంత్రం ఆట లూకస్ ఆయిల్ స్టేడియంలో. కన్వెన్షన్ సెంటర్ నుంచి భూమి కింద దారి ఉంది. ఫుట్‌బాల్ ఆడే మైదానం మీద వందల బల్లలు, చుట్టూ ఖాళీ గ్యాలరీలు. నెలన్నర క్రితం అక్కడే ఈత కొలను కట్టి అమెరికా ఒలింపిక్ ఈత జట్టుని ఎంపిక చేశారు. చూడ్డానికి అద్భుతం. ఆడటానికి? మామూలు బోర్డు గేమ్ అయితే ఫరవాలేదు. కథ చెప్పే ఆట అయితే మాట వినపడదు. మా బల్లకి కథ నడిపే ఆవిడ గొంతు చించుకుంటోంది, పక్క బల్లవాళ్ళు రాక్షసుణ్ణి చంపి చప్పట్లు కొడుతున్నారు, మా రాక్షసుడి పేరు ఏమిటో నాకు ఆఖరిదాకా తెలియలేదు. శుక్రవారం అదే రకం ఆట హోటల్లో ఒక చిన్న మీటింగ్ గదిలో దొరికింది. ఆరుగురం, ఒక తలుపు, అది వేసి ఉంది. నాలుగు గంటలు ఎలా పోయాయో తెలియలేదు. బుకింగ్ చేసేటప్పుడు ఆట పేరు చూసినంత శ్రద్ధగా ఎక్కడ ఆడతారో కూడా చూడండి. ఈ ఒక్క ముక్క నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

తిండి. హాల్లో దొరికేది పిజ్జా, ప్రెట్జెల్, అంతకంటే ఎక్కువ దొరికేది క్యూ. బయట ఫుడ్ ట్రక్కులు నయం, ఆగస్టు ఎండలో నిలబడగలిగితే. ఒక రాత్రి మాత్రం ఊరి పేరున్న చోట తిందామని సెయింట్ ఎల్మో స్టేక్ హౌస్‌కి వెళ్ళాం. 1902 నాటిది. మేం స్టేక్ ముట్టుకోలేదు, వాళ్ళ రొయ్యల కాక్‌టెయిల్ తెప్పించాం. చల్లటి రొయ్యలు, మీద హార్స్‌రాడిష్ అనే వేరు కలిపిన ఎర్రటి సాస్. "ఘాటు, జాగ్రత్త" అని హెచ్చరించాడు సర్వరు. గుంటూరు వాళ్ళకి చెప్తున్నాడే అనుకుని తమ్ముడు నిండు చెంచా నోట్లో పెట్టుకున్నాడు. అది మిరపకాయ ఘాటు కాదు, ఆవకాయ కలిపిన రోజు ఆవపిండి ముక్కులోంచి నడినెత్తికి ఎక్కే ఘాటు. రెండు నిమిషాలు కళ్ళు తుడుచుకుని, "ఇంకోటి చెప్దామా" అన్నాడు. ఖరీదు ఎక్కువే, కానీ ఈ ప్రయాణంలో పెట్టిన డబ్బుకి బాధపడని వాటిలో ఇదొకటి.

శుక్రవారం నుంచి కార్మెల్‌లో పెద్దమ్మ కూతురింట్లో ఉన్నాం. మొదట మొహమాటపడి చెప్పలేదు, తెలిశాక అక్క ఫోన్లోనే దులిపేసింది. "ఇంట్లో రెండు గదులు ఖాళీగా పెట్టుకుని, నా తమ్ముళ్ళు హోటల్లో పడుకున్నారని అమ్మకి ఏం చెప్పమంటావురా?" ఇంటికి చేరాక ఇంకో విడత. "పాచికలు ఆడటానికి సెలవు పెట్టారా? ధర్మరాజు కూడా పిలిస్తేనే వెళ్ళాడు, మీరు టికెట్ కొనుక్కుని వెళ్తున్నారు." కార్మెల్‌లో ట్రాఫిక్ లైట్లు తక్కువ, రౌండబౌట్లు వందకి పైనే. రాత్రి పన్నెండున్నరకి నిద్రకళ్ళతో వాటిలో తిరుగుతుంటే ఒకే ఇంటి ముందు నుంచి మూడుసార్లు వెళ్ళినట్టనిపించింది. అయినా ఫ్రిజ్‌లో పెరుగన్నం, పక్కన మాగాయ పెట్టి ఉంచేది అక్క. వంతెన ఉన్న హోటల్ ఇచ్చినా ఇప్పుడు ఆలోచిస్తాను.

శనివారం ఒక ఆట రద్దయింది, నడిపేవాళ్ళు రాలేదు. ఏం చేయాలో తోచక ఆటల లైబ్రరీలో పెట్టెలు చూస్తుంటే మాన్‌కాలా చెక్క పలక కనిపించింది. మన వామనగుంటలకి చుట్టం. మన పలకకి వరసకి ఏడు గుంటలు, దీనికి ఆరే, రెండు చివర్లలో ఒక్కో పెద్ద గుంట. ఖాళీగా కూర్చున్న ఒహాయో పెద్దావిడ ఒకావిడ ఆడదామంది. ఆవిడకి వాళ్ళ పద్ధతి తెలుసు, నేను మా అమ్మమ్మ పద్ధతి చెప్పాను. గింజలు అయిపోయిన చోటు పక్క గుంటలోవి తీసుకుని మళ్ళీ పంచుతూ పోవాలి, ఖాళీ గుంట తగిలితే దాని అవతల గుంటలోవి మనవి. గాజు గోళీలు వేస్తుంటే చింతగింజల చప్పుడు రాలేదు గానీ, మూడో ఆటకి ఆవిడ నా వరసంతా ఊడ్చేసింది. వేలు గుంట మీద ఆనించి లోపల లెక్కపెట్టుకునే తీరు అచ్చం అమ్మమ్మదే. నాలుగు రోజుల్లో డబ్బు పెట్టి బుక్ చేసుకోని ఆట అదొక్కటే.

ఆ రాత్రి కార్డ్‌హల్లా చూశాం. జనం ఇచ్చిన పేకముక్కలతో, పాత ఆటల కార్డులతో రోజుల తరబడి మేడలు, గోపురాలు కడతారు. శనివారం రాత్రి అందరూ చుట్టూ చేరి చిల్లర విసిరి కూల్చేస్తారు, ఆ డబ్బు దానధర్మానికి. నిమజ్జనంలాగే ఉంది, అంత ఓపికగా కట్టినవాళ్ళే ముందు వరసలో నిలబడి కేకలు వేస్తున్నారు. తమ్ముడు విసిరిన పావు డాలర్ నాణెం ఒక బురుజుని తాకింది. తాకిందంటాడు, నేను చూడలేదు.

ఆదివారం హాలు నాలుగింటికి మూసేశారు. పిల్లలతో వచ్చేవాళ్ళకి ఆ రోజే మేలు, గుంపు తక్కువ, చివర్లో కొన్ని స్టాళ్ళలో ధరలు కూడా తగ్గించారు. నాకప్పటికే గొంతు గరగర మొదలైంది. అంతమంది మధ్య నాలుగు రోజులుంటే తప్పదట, దానికొక పేరు కూడా ఉంది, కాన్ క్రడ్ అని. వారం దగ్గాను.

తిరుగు దారిలో గాలిమరలు దాటాక తమ్ముడి ఫోన్ మళ్ళీ ఒక గంట వెనక్కి వెళ్ళింది. "పోయింది వచ్చేసింది అన్నయ్యా" అన్నాడు. ఇంటికి చేరేసరికి అనుకున్నదానికంటే గంట ముందే ఉన్నాం. బ్యాగులు గుమ్మంలోనే వదిలేసి, వంటింటి బల్ల మీద ఒక కొత్త పెట్టె విప్పి, అట్టల్లోంచి బిళ్ళలు ఊడదీస్తూ కూర్చున్నాం.