గండికోట, బైర్లూటి, మారేడుమిల్లి: ఎక్కడ టెంటు వేస్తే ఎలా ఉంటుంది

ముందు వేట సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే క్యాంపింగ్ అనగానే మా గ్యాంగ్‌లో ఎవడో ఒకడు "కుందేలో పందో దొరికితే కాల్చుకుందాం రా" అని మొదలుపెడతాడు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు మన దగ్గర సరదా వేట అనేదే లేదు. పులి, చిరుత లాంటి మొదటి షెడ్యూల్ జంతువుల జోలికి వెళ్తే మూడు నుంచి ఏడేళ్ల జైలు. రోడ్డు పక్కన ఎవరైనా రహస్యంగా "అడవి పంది మాంసం ఉంది సార్" అన్నా కొనకండి, కొన్నవాడి మీదా కేసు పడుతుంది. తెలంగాణలో పంటలు పాడుచేసే పందుల్ని కాల్చడానికి అనుమతులిస్తున్నారు గానీ అది లైసెన్సున్న షూటర్లకి, మనకి కాదు.

అయితే ఈ దొంగ వేట వల్ల టెంటు వేసుకునేవాళ్లకి నిజమైన ప్రమాదం ఒకటుంది. అడవి అంచున పొలాల చుట్టూ పందుల కోసం కరెంటు తీగలు పెడతారు. మోకాలి ఎత్తున సన్నటి తీగ, ఎక్కడో పైన పోయే లైను నుంచి కొక్కెం తగిలిస్తారు. చీకట్లో టార్చి వేసినా కనిపించదు. వీటికి తగిలి మనుషులు చనిపోయిన వార్తలు మన పేపర్లలో తరచూ వస్తూనే ఉంటాయి. పులి వస్తుందేమో అని టెన్షన్ పడేవాళ్లు రాత్రి బహిర్భూమికని పొలం గట్టు దాటి నిశ్చింతగా వెళ్లిపోతారు! దారి వదలకండి, అంతే. నేను క్యాంపు వాళ్లని మొదట అడిగేది బార్బెక్యూ గురించి కాదు, "రాత్రి ఎటు వైపు వెళ్లకూడదు?" అని. దీనికి తడుముకోకుండా జవాబు చెప్పినవాళ్ల దగ్గర డబ్బు పెట్టొచ్చు.

గండికోటకి వస్తే, పెన్నా లోయ గురించి కొత్తగా చెప్పేదేం లేదు, ఫోటోలు అందరూ చూసినవే. జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు. కోట లోపల మాధవరాయస్వామి గుడి, జామా మసీదు, ధాన్యాగారం అన్నీ దాటుకుంటూ వెళ్తే చివర్లో ఒక్కసారిగా నేల అయిపోతుంది. దాదాపు 300 అడుగుల లోతు, రెయిలింగ్ లేదు. పలకలు పలకలుగా పేర్చినట్టున్న ఎర్ర రాళ్లలో కొన్ని వదులుగా ఉంటాయి, కాలు పెట్టగానే టక్కుమని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వచ్చిన రాయి మీద సెల్ఫీ దిగేవాళ్లని చూస్తే నా గుండె జారిపోయింది.

అక్కడ టెంటు వేయడంలో అసలు కష్టం నేల. మట్టి పొర బెత్తెడు కూడా ఉండదు, కింద అంతా బండ. మేకు కొడితే వంకర పోతుంది గానీ దిగదు. గాలి సాయంత్రం నుంచే మొదలై అర్ధరాత్రికి టెంటుని పీకి పడేసేంత ఊపుగా వీస్తుంది. మా టెంటు వేసిన కుర్రాడు మేకుల జోలికే పోలేదు, తలకాయంత రాళ్లు ఏరుకొచ్చి ఒక్కో తాడుని రాయి చుట్టూ రెండు చుట్లు తిప్పి, దాని మీద ఇంకో రాయి పెట్టి బిగించాడు. టెంటు గుమ్మాన్ని గాలికి అడ్డంగా కాకుండా వెనక్కి తిప్పాడు. "అంచుకి యాభై అడుగుల లోపల టెంటు వేయమంటే నేను వేయనన్నా, మీరు దుడ్లు ఎక్కువిచ్చినా వేయను" అన్నాడు. ఇలాంటివాడు దొరకడం అదృష్టం. పక్కన ఇంకో క్యాంపు (పేరెందుకులెండి) అంచుకి ఆనుకునే టెంట్లు వేసి, అర్ధరాత్రి దాకా స్పీకర్లు మోగించి, నెగడు అంటుకోవట్లేదని బాటిల్‌తో పెట్రోలు పోశారు. మంట బాటిల్ దాకా లేచింది. పోసినవాడు బాటిల్ విసిరేశాడు కాబట్టి సరిపోయింది, టెంట్ల గుడ్డ అంతా నైలానే మరి. చెప్తే వినే స్థితిలో అక్కడెవరూ లేరు.

బసలో ఇంకో మార్గం పర్యాటక శాఖ హరిత హోటల్. గదులు మామూలే, భోజనం ఫరవాలేదు, బాత్రూమ్ ఉంటుంది, పిల్లలతో వెళ్తే అదే మేలు. తెల్లవారుజామున లోయ దగ్గరికి వెళ్లి సూర్యోదయం చూసి రావచ్చు. ప్రైవేటు టెంట్లు వీకెండ్‌లో రేటు పెంచేస్తారు, టాయ్‌లెట్ "దగ్గర్లోనే" అన్నారంటే ఎన్ని అడుగులో అడగండి. కోతులు ఉన్నాయి, బిస్కెట్ ప్యాకెట్ టెంటులో వదిలారా, జిప్పు చింపుకునే వెళ్తాయి. వేసవిలో మాత్రం వద్దు, రాయి పగలంతా తాగిన ఎండని రాత్రంతా కక్కుతూ ఉంటుంది.

బైర్లూటి పూర్తిగా వేరే లోకం. ఆత్మకూరు నుంచి దోర్నాల వెళ్లే రోడ్డు మీద, నల్లమలలో అటవీ శాఖ నడిపే క్యాంపు. చుట్టూ ఉన్నది నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం, దేశంలోకెల్లా పెద్దది. మీరు హైదరాబాద్ నుంచి శ్రీశైలం మీదుగా వస్తున్నట్లయితే మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదికి మూసేసి ఉదయం ఆరుకే తీస్తారు, లెక్క చూసుకుని బయల్దేరండి. ఇక్కడ సొంత టెంటు వేయనివ్వరు, వాళ్ల టెంట్లలో, కాటేజీల్లోనే ఉండాలి, నెగడు కూడా వాళ్లు చెప్పిన చోటే. మొదట చిరాకేసింది, తర్వాత న్యాయమే అనిపించింది. అభయారణ్యంలో నిప్పు పెట్టడం చట్టరీత్యా నేరం. ఫిబ్రవరి దాటితే ఆకులన్నీ రాలి, గడ్డి ఎండి, ఒక్క బీడీ ముక్క చాలు కొండ కాలిపోవడానికి.

మాతో సఫారీకి వచ్చిన చెంచు గైడ్ ఎక్కువ మాట్లాడడు. దారిలో జీపు ఆపించి, బురదలో పులి అడుగు చూపిస్తాడేమో అనుకుంటే, తన సంచిలోంచి ఒక తీగ తీసి చూపించాడు. బైక్ క్లచ్ వైరు. ఒక చివర ముడి వేసి ఉచ్చు చేశారు, లాగితే బిగుస్తుంది గానీ వదలదు. గస్తీలో దొరికిందట. "జింక కోసం పెడతారు సార్, పులి కాలు పడ్డా ఇంతే" అన్నాడు. ఆ తీగ మీద ఇంకా జంతువు వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. మాకు పులి కనబడలేదు. కనబడుతుందని ఎవరూ మాటివ్వలేదు కూడా, అది నాకు నచ్చింది.

పాముల విషయంలో ఆ గైడ్ చెప్పిందీ, డాక్టర్లు చెప్పేదీ ఒకటే: నేల మీద పడుకోకు. కట్లపాము రాత్రే తిరుగుతుంది, దాని కాటు చాలాసార్లు నొప్పి కూడా పెట్టదు, గాటు కనబడదు, తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతుంటే గానీ తెలియదు. మంచం లేదంటే టెంటు జిప్పు పూర్తిగా వేసుకోవడం తప్పనిసరి. బూట్లు బయట వదిలితే పొద్దున తలకిందులు చేసి దులిపి వేసుకోండి. కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించి కట్టడం, నాటు వైద్యుడి కోసం వెతకడం, ఇవేవీ వద్దు. కాలు కదలకుండా కట్టె ఆనించి కట్టి, 108కి ఫోన్. సిగ్నల్ లేకపోతే క్యాంపు జీపులోనే బయల్దేరాలి. విరుగుడు మందు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితమే, అందుకే ఎక్కడికెళ్లినా దగ్గరి ఆసుపత్రి ఎక్కడో బ్యాగు దింపకముందే కనుక్కుంటాను. గండికోటకి జమ్మలమడుగు, బైర్లూటికి ఆత్మకూరు, మారేడుమిల్లికి రంపచోడవరం.

మారేడుమిల్లిలో ప్రమాదం నీళ్లు. రాజమండ్రి నుంచి రెండున్నర, మూడు గంటల దారి, రంపచోడవరం దాటాక చల్లబడుతుంది. వలమూరు వాగు పక్కన జంగిల్ స్టార్ క్యాంపు స్థానిక గిరిజనులతో అటవీ శాఖ నడిపిస్తోంది, నీటి చప్పుడు వింటూ పడుకోవచ్చు, వంట వేడివేడిగా పెడతారు. సౌకర్యాలు మాత్రం అంతంతమాత్రం. మధ్యాహ్నం ఎండ కాస్తున్నా పైన కొండల్లో వాన పడితే వాగు నిమిషాల్లో ఎక్కుతుంది. నీళ్లు ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా, చప్పుడు మారినా వెంటనే గట్టుకి వచ్చేయాలి, సామాను కోసం ఆగొద్దు. 2024 సెప్టెంబరులో ఇక్కడి జలతరంగిణి జలపాతం దగ్గర వైద్య విద్యార్థులు ఇలాగే కొట్టుకుపోయి ముగ్గురు చనిపోయారు. అందుకే వానాకాలంలో వాగు ఒడ్డున టెంటు అంటే నేను ఒప్పుకోను, ఎంత అందంగా ఉన్నా సరే.

ఏజెన్సీలో మలేరియా ఉంది, దోమతెర అడగండి, లేదంటే పట్టుకెళ్లండి. తిరిగొచ్చాక రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే డాక్టరుకి "ఏజెన్సీలో గడ్డిలో కూర్చున్నాం" అని చెప్పడం మర్చిపోవద్దు. ఒంటి మీద సిగరెట్ కాల్చినట్టు నల్లటి పెచ్చు కనిపిస్తే స్క్రబ్ టైఫస్ (గడ్డిలో ఉండే చిన్న పురుగు కుడితే వచ్చే జ్వరం) కావచ్చు, ముందే పట్టుకుంటే మామూలు మాత్రలతో తగ్గిపోతుంది.

చలికాలంలో ఇటు మారేడుమిల్లి కొండల్లో గానీ అటు లంబసింగి వైపు గానీ టెంట్లలో పడుకునేవాళ్లు చేసే పని ఒకటి చూస్తే భయమేస్తుంది. నెగడు ఆరిపోయాక మిగిలిన నిప్పులు పళ్లెంలో వేసుకుని టెంటు లోపలికి తెచ్చుకుంటారు. పొగ రావట్లేదు కదా అంటారు. పొగ రాకపోయినా కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, వాసన ఉండదు, నిద్రలోనే పోతారు. చలేస్తే కింద ఇంకో దుప్పటి పరుచుకోండి, చలి సగం నేల నుంచే వస్తుంది. వేడినీళ్ల సీసా గుడ్డలో చుట్టి పాదాల దగ్గర పెట్టుకుంటే తెల్లారే దాకా చాలు.

మారేడుమిల్లిలో బొంగులో చికెన్ రోడ్డు పక్కన ఎక్కడైనా దొరుకుతుంది, కానీ ముందే కాల్చి పక్కన పెట్టింది కాకుండా మన కళ్ల ముందు పచ్చి బొంగులో కూరి, ఆకుతో మూత బిగించి నిప్పుల మీద పెట్టిందే తీసుకోండి. ముప్పావుగంట పడుతుంది. ఈలోగా టీ తాగి, క్యాష్ ఉందో లేదో చూసుకోండి, సిగ్నల్ పోతే ఫోన్‌పే పనిచేయదు. చింతూరు వైపు ఘాట్ దిగేవాళ్లు మాత్రం పొగమంచు పట్టకముందే, అంటే సాయంత్రం నాలుగింటికల్లా లేవాలి, పెట్రోలు గోకవరంలోనే నింపుకుని ఉండాలి.