డాబా మీది నీళ్ళ పైపులకు నల్ల రబ్బరు తొడుగు: కొన్ని ఎండాకాలాలు గడిచాక

ముందే చెప్పేస్తాను, ఈ తొడుగు పని చేస్తుంది. అయితే షాపులో చెప్పినట్టు "నీళ్ళు చల్లగా వస్తాయండీ" అన్న మాట నమ్మి కొంటే నిరాశ తప్పదు. మిట్టమధ్యాహ్నం కొళాయి తిప్పితే చెయ్యి కాలకుండా చూడటం వరకే దాని పని. పైన ఇంకో కప్పు లేకుండా ఎండకు వదిలేస్తే ఆ మాత్రం పని కూడా ఎంతోకాలం చెయ్యదు.

మాది మొగల్రాజపురం, కొండకు దగ్గర. సాయంత్రం ఎండ పోయినా కొండరాయి వేడి కక్కుతూనే ఉంటుంది. డాబా మీద వెయ్యి లీటర్ల నల్ల ప్లాస్టిక్ ట్యాంకు ఉంది. దాన్ని మెట్లగది పక్కన పెట్టారు, బాత్రూములేమో ఎదురు మూలన ఉన్నాయి. అందుకని అంగుళం సీపీవీసీ (ఒక రకం ప్లాస్టిక్) పైపు డాబాను దాదాపు చుట్టి వచ్చి మా వంటింటికీ, రెండు బాత్రూములకీ, కింద వాటాకీ దిగుతుంది. ఏప్రిల్ వచ్చిందంటే మధ్యాహ్నం పూట గిన్నెలు తోమడానికి పనమ్మాయి పొద్దున్నే బకెట్లు నింపి పెట్టుకునేది. రోహిణి కార్తెలో స్నానం సంగతి సరే, మూడు గంటలప్పుడు హెల్త్ ఫాసెట్ వాడాల్సి వస్తే ఎలా ఉంటుందో బెజవాడ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

తొడుగు కొనేముందు ఒకటి గమనించాను. కొళాయి తిప్పగానే వచ్చే నీళ్ళు చెయ్యి పెట్టనివ్వవు. కొంచెం వదిలేశాక వచ్చేవి వేడిగానే ఉంటాయి గానీ భరించొచ్చు. అంటే మొదట వచ్చేవి పైపులో నిలిచిన నీళ్ళు, తర్వాతివి ట్యాంకువి. అంగుళం సీపీవీసీ పైపులో మీటరుకి అర లీటరు కూడా పట్టదు. అంత తక్కువ నీళ్ళకి పైనుంచి ఎండ, కింద నుంచి కాలిన శ్లాబు తగిలితే వేడెక్కడానికి ఎంతసేపు? వెయ్యి లీటర్లు అంత తొందరగా కాగవు. కాబట్టి పైపుది ఒక సమస్య, ట్యాంకుది ఇంకో సమస్య. తొడుగు తీర్చేది మొదటిది మాత్రమే.

పైసా ఖర్చు లేని పని ఒకటుంది, అది ముందు చేయించాం. శ్లాబుకి ఆనుకుని ఉన్న పైపు కింద ఇటుక ముక్కలు పెట్టి పైకి లేపించాం. తొడుగు వేసే ఉద్దేశం లేనివాళ్ళు కూడా ఇది చేయించుకోవచ్చు.

ఇక సరుకు సంగతి. ఇది ఏసీ రాగి గొట్టాల మీద వేసే నల్ల నైట్రైల్ రబ్బరు ట్యూబే. శానిటరీ షాపుల్లో అడిగితే తెల్లమొహం వేశారు, ఏసీ సామాన్లు అమ్మే చోట దొరికింది. ట్యూబు సైజు రాగి గొట్టం బయటి కొలతను బట్టి చెబుతారు. సీపీవీసీ పైపులు కూడా రాగి కొలతల్లోనే వస్తాయి కాబట్టి సరిగ్గా పడుతుంది. అంగుళం సీపీవీసీ బయటి కొలత 28.6 మిల్లీమీటర్లు, ముప్పావు అంగుళానిది 22.2. యూపీవీసీ (ఇంకో రకం ప్లాస్టిక్) అయినా జీఐ (జింకు పూత వేసిన ఇనుము) అయినా అదే అంగుళం పైపు 33 మిల్లీమీటర్లు దాటుతుంది. కాబట్టి నోటితో "అంగుళం" అని చెప్పకుండా, పాత పైపు ముక్క ఒకటి పట్టుకెళ్ళండి. మందం 9, 13, 19 మిల్లీమీటర్లలో ఉంటుంది. మేం 13 వేశాం. మళ్ళీ వేయించాల్సి వస్తే ఎండ ఎక్కువ తగిలే చోట 19 వేయిస్తాను. తెల్లటి ఫోమ్ ట్యూబు చవగ్గా దొరుకుతుంది గానీ అది ఎండకు ఇంకా తొందరగా పొడి పొడి అయిపోతుంది, దాని జోలికి పోవద్దు.

వేయడంలో ప్లంబర్లు తొందరపడేది ఒక్కచోటే. ట్యూబును పొడుగునా చీల్చి పైపుకి తొడిగి, చీలిక అంచులకి గమ్ము రాసి అంటిస్తారు. గమ్ము రాయగానే అతికించెయ్యకూడదు. వేలితో తాకితే అంటుకోనంతగా ఆరనిచ్చి అప్పుడు నొక్కాలి. ట్యూబును సాగదీసి సరిపెట్టకూడదు, అది మళ్ళీ వెనక్కి లాక్కుంటే జాయింట్లు విచ్చుకుంటాయి. కొంచెం పొడుగ్గానే కోసి లోపలికి నెట్టి అతికించాలి. చీలిక కిందివైపు ఉండాలి, లేకపోతే వానాకాలంలో నీళ్ళు అందులోకే దిగుతాయి. ప్లాస్టిక్ పైపుకి దాంతో పెద్ద నష్టం లేదు గానీ జీఐ పైపైతే లోలోపల తుప్పు పడుతుంది, బయటికి కనపడదు కూడా. సీపీవీసీకి ఇంకో జాగ్రత్త ఉంది. కొన్ని రకాల రబ్బర్లు, గమ్ములు, ఆయిల్ పెయింట్లు ఆ ప్లాస్టిక్కుకి పడవు. ట్యూబు సీపీవీసీకి పనికొస్తుందో లేదో అడిగి తీసుకోండి, గమ్ము పైపుకి తగలనివ్వకండి.

మొదటి వేసవి తేడా బాగా తెలిసింది. గంటకో రెండు గంటలకో ఎవరో ఒకరు కొళాయి తిప్పే ఇల్లు మాది. అలా వాడుకలో ఉన్నంతసేపూ పైపులోకి ట్యాంకు నీళ్ళు వచ్చి చేరుతుంటాయి, తొడుగు వాటిని కాగనివ్వదు. ఏదైనా పెళ్ళికి వెళ్ళి మధ్యాహ్నం దాకా ఇల్లు తాళం వేసి ఉంటే మాత్రం మొదటి చెంబెడు నీళ్ళు బాగానే కాలతాయి. ఇది సరుకు లోపం కాదు. తొడుగు వేడిని ఆలస్యం చేస్తుందే తప్ప ఆపదు.

ఈ మాట నాకు బాగా అర్థమయ్యేలా చెప్పింది అమెరికాలో ఉండే మా తమ్ముడు. వాళ్ళ ఇంటి నేల కింద, మనిషి పాకుతూ పోగలిగేంత ఖాళీ ఉంటుంది. ఇంటిలోపల హీటింగ్ ఉన్నా ఆ ఖాళీలో ఉండదు, నీళ్ళ పైపులేమో అక్కణ్ణుంచే పోతాయి. "అక్కా, నీళ్ళు గడ్డకట్టకుండా మేం వేసుకునేదాన్ని నువ్వు కాగకుండా వేయిస్తున్నావు" అని నవ్వాడు. నీళ్ళు మంచు అయ్యేటప్పుడు సుమారు 9 శాతం ఉబ్బుతాయి. ఆ గడ్డకీ మూసి ఉన్న కొళాయికీ మధ్య చిక్కిన నీళ్ళలో ఒత్తిడి పెరిగి పైపు పగులుతుంది. అక్కడ కూడా తొడుగు వేడిని పుట్టించదు, ఉన్న వేడిని తొందరగా పోనివ్వదు, అంతే. నీళ్ళు కదలకుండా చలి రోజుల తరబడి ఉంటే తొడుగు ఉన్న పైపు కూడా గడ్డకడుతుంది. అందుకే వాళ్ళు గోడల్లో చలిగాలి దూరే సందులు మూస్తారు, పైపు వెంట కరెంటుతో వెచ్చబడే తీగ వేసి దాని మీద తొడుగు వేస్తారు, మరీ చలి రాత్రుల్లో కొళాయిని సన్నగా కారనిస్తారు. మనకి కరెంటు తీగ అక్కర్లేదు. తొడుగు చెయ్యలేని పని మనకి నీడే చెయ్యాలి.

అసలు సంగతి తర్వాతి వేసవుల్లో బయటపడింది. మా పైపు కొంతమేర మెట్లగది నీడలో ఉంటుంది, అక్కడ తొడుగు మీద ఏమీ చుట్టలేదు. మిగతా అంతా అల్యూమినియం ఫాయిల్ టేపు చుట్టారు. ఇప్పుడు వెళ్ళి చూస్తే నీడలో ఉన్న వట్టి రబ్బరు నొక్కితే ఇంకా మెత్తగానే ఉంది. టేపు గట్టిగా ఉన్నచోట లోపల రబ్బరు బాగుంది. ఈదురుగాలికో, ఉడత గీకితేనో టేపు లేచిపోయిన చోట మాత్రం రబ్బరు గట్టిపడి, పగుళ్ళిచ్చి, వేలితో రుద్దితే నల్లపొడి రాలుతోంది. అదే ట్యూబు, ఒకే రోజు వేసింది. ఎండ తగలడం ఒక్కటే తేడా. నైట్రైల్ రబ్బరు వేడిని తట్టుకుంటుంది గానీ ఎండలోని అతినీలలోహిత కిరణాలను తట్టుకోదు. ఈ ముక్క షాపులో ఎవరూ చెప్పరు, ఏసీ వాళ్ళక్కూడా పట్టదు. బయటి యూనిట్ దగ్గర చిరిగి వేలాడే నల్ల ట్యూబులు ఊరంతా కనిపిస్తూనే ఉంటాయి కదా.

ఫాయిల్ టేపు మీద నాకు పెద్ద గురి లేదు. మెరిసే ఫాయిల్ ఎండను తిప్పికొడుతుంది గానీ తనకెక్కిన వేడిని తొందరగా వదలదు. తెల్ల రంగు రెండు పనులూ చేస్తుంది. కిందటేడు లేచిపోయిన చోట్ల గ్లాస్ క్లాత్ (గాజునారతో నేసిన గుడ్డ) చుట్టించి పైన నీళ్ళలో కలిపే తెల్ల పెయింటు వేయించాను. మధ్యాహ్నం చెయ్యి వేసి చూస్తే ఫాయిల్ ఉన్న భాగం కన్నా అదే తక్కువ వేడిగా తగిలింది. ఎన్నాళ్ళు నిలుస్తుందో చూడాలి. ట్యూబు ధర కన్నా ఈ పైకప్పుకీ కూలికీ అయ్యేదే ఎక్కువ, కాబట్టి బేరం ట్యూబు దగ్గర కాదు, అక్కడ చెయ్యండి.

చిరాకులు కూడా ఉన్నాయి. తొడుగు లోపల చీమలు పుట్ట పెట్టాయి. ఒకసారి ఎల్బో (పైపు మలుపు) దగ్గర సన్నగా కారితే ఆ నీళ్ళు తొడుగు లోపలే పాకి ఎక్కడో మూల బొట్లు బొట్లుగా పడ్డాయి. కారేది ఎక్కడో కనిపెట్టడానికి ప్లంబరు సగం తొడుగు కోసేశాడు. అప్పటి నుంచి వాల్వులు, యూనియన్ల (విప్పి మళ్ళీ బిగించుకునే జాయింట్ల) దగ్గర గమ్ము వేయనివ్వడం లేదు. విడిగా ముక్క తొడిగి టేపుతో చుట్టిస్తున్నాను, కావాలంటే ఊడదీసుకోవచ్చు.

ట్యాంకుకి ఏం చేశామో కూడా చెప్పాలి, లేకపోతే పైన చెప్పిందంతా సగమే. నల్ల ట్యాంకుకి రంగు వేస్తే ఆ ప్లాస్టిక్కుకి పట్టదు, పెచ్చులూడుతుంది. నర్సరీల్లో కట్టే పచ్చ షేడ్ నెట్‌ను ఇనప గొట్టాల మీద, ట్యాంకుకి జానెడు ఎడంగా కట్టించాం. మధ్యలో గాలి ఆడాలి, ఒంటికి చుట్టేస్తే అంత లాభం ఉండదు. మా నాన్నగారైతే తాటాకు పందిరి వేయించమనేవారు. నిజానికి నెట్ కన్నా అదే మంచి నీడ, కాకపోతే ఏటా వేయించే ఓపిక ఎవరికి? దీనికి తోడు మోటారు వేళ మార్చాం. తెల్లవారుజామున ట్యాంకు నింపి, మధ్యాహ్నం మళ్ళీ కాసేపు సంపు నీళ్ళు ఎక్కిస్తాం. భూమిలో ఉన్న సంపు నీళ్ళు ఎండకి కాగవు కాబట్టి ట్యాంకులో వేడి కొంచెం విరుగుతుంది. మే నెలలో మన దగ్గర రాత్రిళ్ళు కూడా పెద్దగా చల్లబడవు గనక తెల్లవారి నీళ్ళు చల్లగా ఉంటాయని ఆశపడొద్దు, వేడి లేకుండా ఉంటే చాలు.

ఎవరికి పనికొస్తుందంటే, డాబా మీద పైపు పొడుగ్గా పాకి, పగలంతా ఇంట్లో మనుషులుండే వాళ్ళకి. ట్యాంకు నుంచి పైపు నేరుగా గోడలోకి దిగిపోయే ఇళ్ళల్లో ఆ డబ్బు షేడ్ నెట్‌కి పెట్టుకోండి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు ఇటుక ముక్కలతో, మోటారు వేళతో సరిపెట్టుకోవచ్చు. వేయించుకునేవాళ్ళు శివరాత్రి లోపలే వేయించుకోండి. ఉగాది దాటితే మధ్యాహ్నం డాబా ఎక్కి పని చేయడానికి ప్లంబరు దొరకడు, దొరికినా చీలిక పైకి పెట్టి దిగిపోతాడు.